ముందు అస్తరు

కొత్తింటి కిటికీలు మా పాత క్వార్టర్ కిటికీల కంటే జానెడు పొడవు. ఈ సంగతి మేస్త్రీకి తెలుసు, ఇల్లు కట్టించుకున్న నాకు తెలియదు. నస్పూర్‌లో సామాను దించుకున్న మూడో రోజు పాత పరదాలు ఎత్తి పట్టుకుని చూసి, "ఇవి పొట్టిగున్నయ్, పారేసుడే" అన్నాను. పారెయ్యడం దగ్గర నాకు ఎప్పుడూ తొందరే. మా ఆవిడ పరదా అడుగు అంచు తిప్పి, బ్లేడుతో కుట్టు విప్పింది. లోపల మడిచి దాచిన గుడ్డ సరిగ్గా జానెడు కిందికి దిగింది. అన్నేళ్లు ఎండ తగలక ఆ ముక్క ఇంకా కొత్త రంగులోనే ఉంది.

"ఇవి కుట్టిన అన్న మన కొత్తిల్లు మనకన్న ముందే సూసిపోయిండా ఏంది?" అని నవ్వింది.

నవ్వడం అయ్యాక పరదాను వెనక్కి తిప్పి, దానికి లోపలి గుడ్డగా తగిలించి ఉన్న మందపాటి అస్తరును చేత్తో తడిమింది. "ఇగ నీకు నైట్ డ్యూటీ లేదు గదా. గీ అస్తరు తీసేద్దామా? ఇది ఉంటే పట్టపగలు గూడ లైటు ఏసుకోవాలె. కొత్తింట్లకన్న జెర వెలుగు రానియ్యి."

ఆమె అడిగిందాంట్లో తప్పేమీ లేదు. నేను రిటైరై రెండు నెలలైంది. అయినా సరే అనలేకపోయాను. కుట్టినాయన్నే అడుగుదామని తప్పించుకున్నాను.

"అడుగు మల్ల. రిటైర్మెంటు ఫంక్షన్‌కు గూడ పిలువకపోతివి ఆయనను" అంది.

ఫోను ఆయన తమ్ముడి కూతురు ఎత్తింది. నంబరు చూసి నన్ను గుర్తుపట్టింది.

"పెద్దబాపు లేడు మామా."

"ఏడికి పోయిండు? బజారుకా?"

"లేడు మామా. పోయి పదకొండు దినాలైంది. ఛాతిల నొస్తుందన్నడు. దవాఖానకు తోల్కపోయే లోపల్నే అయిపోయింది."

నేను ఫోను పట్టుకుని ఆ జానెడు కొత్త రంగు వంకే చూస్తూ నిలబడ్డాను.

గోదావరిఖనిలో మా కాలనీల వాళ్లందరికీ ఆయన 'అస్తరు కాక', అంటే అస్తరు బాబాయి. పరదాలు కుట్టేవాళ్లు బజారులో ఇంకా నలుగురున్నారు. వాళ్ల దగ్గరికి వెళితే ముందు గుడ్డల పుస్తకం తెరుస్తారు. పూలవి కావాలా, గీతలవి కావాలా, సోఫాకు మ్యాచింగ్ కావాలా అంటారు. ఈయన పుస్తకాన్ని చంకలో పెట్టుకునే వచ్చేవాడు కానీ తెరిచేవాడు కాదు. "ముందు అస్తరు సంగతి చెప్పుండ్లి. గుడ్డను ఇంటికొచ్చిన సుట్టాలు సూస్తరు. అస్తరును పండుకున్నోడు సూస్తడు" అనేవాడు.

అది కూడా గుసగుసగా అనేవాడు. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. ఆటోలు మోగుతుండే బజారు నడుమ కూడా, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టే మాట్లాడేవాడు. చెవి దగ్గర పెట్టి వినాల్సి వచ్చేది. ఏదో గొంతు జబ్బు అనుకునేవాళ్లు చాలామంది. ఇంటికొస్తే బెల్లు కొట్టడు. సూది గుచ్చుకోకుండా వేలికి ఎప్పుడూ తొడిగి ఉండే ఇత్తడి అంగుస్తానాతో కిటికీ చెక్క మీద రెండుసార్లు తాకిస్తాడు. చెప్పులు గేటు దగ్గరే విడుస్తాడు. కొలతలు కాగితం మీద కాకుండా ఎడమ అరచేతిలో బాల్ పెన్నుతో రాసుకుంటాడు. చెయ్యి కడుక్కుంటే పోతాయి కదా అంటే, "కుట్టేదాక కడుగ" అనేవాడు. ఆ రోజు అన్నం చెంచాతో తినేవాడట.

పదహారేళ్ల కింద మా ఇంటికి మొదటిసారి వచ్చాడు. మా ఆవిడ ఒక పెళ్లికి వెళ్లి, ఎవరింట్లోనో పల్చటి క్రీమ్ కలర్ పరదాలు, పైన స్టీలు రింగులు చూసి వచ్చింది. మాకూ అట్లాంటివే కావాలని పట్టుబట్టింది. నాకు పరదాలంటే అప్పటికి పెద్ద గౌరవం లేదు. పాత చీర కట్టుకుంటే కిటికీకి ఏం తక్కువ అన్నది నా వాదన. కానీ ఆ నెల ఆమె మాట నెగ్గింది.

ఆయన వచ్చి, ముందు గదిని కనీసం చూడకుండా, నిలబడిన చోటే అడిగాడు.

"ఈ ఇంట్ల పగటినిద్ర ఎవలది చెల్లె?"

నాదేనని చెప్పింది. నేను అప్పుడు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపేవాణ్ణి. వారానికొక షిఫ్టు మారేది. నైట్ వారం వస్తే పొద్దున ఏడింటికి దిగి, ఇంటికొచ్చి, తిని పడుకునేసరికి సూర్యుడు మా పడకగది కిటికీలో కూర్చునేవాడు.

"ఏ మంచం? తల ఎటు పెడ్తవు బావా?"

ఆమెను చెల్లె అన్నాడు కాబట్టి నేను బావనయ్యాను. చూపించాను. అప్పుడు ఆయన చేసిన పనికి మా ఆవిడ నోరు తెరిచింది. భుజం మీది తువాలు నా దిండు మీద పరిచి, నా మంచం మీద, నేను పడుకునేట్టే వెల్లకిలా పడుకున్నాడు. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కిటికీ వంక చూశాడు. కుడివైపు తిరిగి చూశాడు, ఎడమవైపు తిరిగి చూశాడు. ఐదారు నిమిషాలైంది. మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం.

"ఏంది బావ, నిద్రొస్తుందా?" అని నేను వెటకారమాడాను.

"పండుకునేటోని కన్ను ఏడ ఉంటదో ఆడికెళ్లి సూడాలె. నిలబడి సూస్తే కిటికీ ఒక తీరు. పండుకోని సూస్తే ఇంకో తీరు" అన్నాడు, లేవకుండానే.

తర్వాత కూర్చుని, చెప్పాల్సింది చెప్పాడు. పల్చటి గుడ్డ ముందు గదికి బాగుంటుంది, పడకగదికి పనికిరాదు. పడకగదికి మూడు పొరల అస్తరు కావాలి, మధ్యలో నల్లగుడ్డ ఉండేది. స్టీలు రింగులు వద్దు. రింగులు పెడితే పరదా పైన అలలు అలలుగా నిలబడి, ఆ సందుల్లోంచి వెలుగు పైకప్పు మీద పడుతుంది, పైకప్పు మీది నుంచి కంట్లో పడుతుంది. రాడ్డు కిటికీకి అటు మూరెడు ఇటు మూరెడు ఎక్కువుండి, చివర గోడలోకి వంగాలి. పైన బక్రం అనే గట్టి గుడ్డ పెట్టి దగ్గర దగ్గరగా కుచ్చిళ్లు పోసి, వెనక కొక్కేలతో గోడకు ఆనించి వేలాడదీయాలి.

"ఇంకోటి. పగటీలి రెండు గొట్టినంక గనిల బ్లాస్టింగ్ అయితది. ఇల్లు అదురుతది. రింగులన్నీ గల్లుమంటయ్. అప్పుడే కన్నంటుకున్నోడు ఉలిక్కిపడి లేస్తడు. ఇగ మల్ల నిద్ర పట్టది."

బ్లాస్టింగ్ అదురుకు మా గిన్నెల స్టాండ్ మోగడం నాకు తెలుసు. కానీ రింగుల గురించి అట్లా ఆలోచించిన మనిషిని అదే మొదటిసారి చూడటం. బ్లైండ్లు వేసుకుంటే పోదా అని అడిగాను, తెలిసినట్టు. బొగ్గు దుమ్ముకు దాని గొలుసు ఏడాదికే పట్టేస్తుందన్నాడు. "అది ఆఫీసులకు, బావా. గది సల్లగుంటది. గానీ రెండు పక్కల యేలెడు సందు ఉంటది. ఆ యేలెడు సందు సాలు."

దేనికి చాలునో చెప్పలేదు.

నాకు పంతం వచ్చింది. ఒక మనిషి నా ఇంటికొచ్చి, నా మంచం మీద పడుకుని, నా నిద్ర గురించి నాకే చెప్పడం ఏమిటనిపించింది. అప్పటి నా బింకం అట్లాంటిది. "మూడు పొరలొద్దు, నాలుగు పొరలొద్దు. మా ఇంటామె అడిగినయే కుట్టు. నేను నడిఎండల పడుకున్న గుర్రు వెడ్త. నాకు అలవాటే" అన్నాను.

ఆ మాటకు ఆయన ముఖం మారింది. పొగరుగా మాట్లాడినందుకు నొచ్చుకున్నాడనుకున్నాను. అరచేతిలో రాయడం ఆపి, నన్ను కాసేపు చూసి, "అలవాటా?" అన్నాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

పది రోజులకు క్రీమ్ కలర్ పరదాలు తగిలించాడు. రింగులతోనే. గోడకు రాడ్డు బిగించేటప్పుడు ప్లాస్టిక్ బుడిపెలు కాదని, వేపచెక్క ముక్కలు చెక్కుకొచ్చి గోడలోకి దిగ్గొట్టి వాటికి స్క్రూలు బిగించాడు. అదురుకు ప్లాస్టిక్ వదులైపోతుందట. అడుగు అంచులో జానెడు గుడ్డ లోపలికి మడిచి కుట్టాడు. ఎందుకంత గుడ్డ దండుగ అని నేను నసిగితే, "క్వార్టర్ కంపెనీది బావా. ఒకనాడు తాళం అప్పజెప్తవు. పరదా నీది. నీ సొంతింటి కిటికీ ఎంతుంటదో నీకెర్కనా, నాకెర్కనా" అన్నాడు. ఆ కాలనీలో ఆయన కుట్టిన ప్రతి పరదాకీ ఆ జానెడు ఉంటుంది. అందరం ఎప్పుడో ఒకరోజు తాళం అప్పజెప్పేవాళ్లమే కదా.

వెళుతూ వెళుతూ మా ఆవిడతో, "పడకగది పరదాకు ఎనుక ఒక పట్టీ కుట్టిన చెల్లె. ఎప్పుడన్న అస్తరు కావాలంటే దానికి తగిలిస్తే సాలు, పరదా విప్పే పని లేదు" అన్నాడు. ఆయన గేటు దాటాక నేను నవ్వాను. వద్దన్నా వినని మనిషి అన్నాను. మా ఆవిడ మాత్రం పరదాల మడతలు సర్దుతూ మురిసిపోయింది. నిజం చెప్పాలంటే చూడటానికి బాగానే ఉండేవి.

ఇక్కడి నుంచి రాసేది నేను పదహారేళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలకు, ఎండాకాలం. నైట్ షిఫ్టు వారంలో ఐదో రోజు. పగలు నిద్ర రెండు గంటలు కూడా ఉండేది కాదు. క్రీమ్ కలర్ గుడ్డలోంచి గదంతా పాలు ఒలకబోసినట్టు వెలుగు. రెండు దాటగానే రింగులు మోగేవి. తువాలు కళ్లకు కట్టుకునేవాణ్ణి. చెమటకు తువాలు తడిసేది. మంచం కింద చాప వేసుకుని పడుకున్న రోజులూ ఉన్నాయి. ఆమె ఇష్టపడి కుట్టించుకున్న పరదాలు, నేనే వద్దన్న అస్తరు, ఇప్పుడు ఏ మొహంతో అడగను? ఆమె అడిగితే నిద్ర బాగా పడుతోందనే చెప్పాను.

ఆ తెల్లవారుజామున మట్టి పారబోసే చోటికి డంపర్‌ను వెనక్కి పోనిస్తున్నాను. అంచు దగ్గర మట్టికట్ట ఉంటుంది, దాని ముందే ఆపాలి. కట్ట అవతల తాటిచెట్టు లోతు. నేను బ్రేకు మీద కాలు పెట్టానో లేదో గుర్తు లేదు. ఎందుకంటే నేను అక్కడ లేను. నిద్రలో ఉన్నాను. ఒక కుదుపుకు కళ్లు తెరిచాను. అద్దంలో చూస్తే వెనక టైరు కట్ట మీదికెక్కి ఉంది. దాని వెనక నేల కనబడటం లేదు, ఆకాశం కనబడుతోంది. అప్పుడు కాలు బ్రేకు మీదే ఉంది. ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు.

మెల్లగా ముందుకు తెచ్చుకున్నాను. మట్టి పోసి వచ్చాను. ఎవరూ చూడలేదు. పైవాళ్లకు చెప్పాలి, చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత, సిగ్గు ఎక్కువ. ఇంటికొచ్చి చాయ్ తాగాను. మా ఆవిడ తల్లిగారింటికి పోయింది. పడుకోకుండా నేరుగా బజారుకు వెళ్లాను.

ఆయన దుకాణం ఒక సందులో చిన్న గది. నన్ను చూడగానే మిషన్ ఆపాడు.

"అస్తరు ఎయ్యి బావా" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. కత్తెర కింద పెట్టాడు. ఎందుకని అడగలేదు. ఇన్ని రోజులకు గుర్తొచ్చిందా అని ఎత్తిపొడవలేదు. ఆ గుసగుస గొంతుతోనే, "ఎంతదాక పోయింది?" అన్నాడు.

"కట్టదాక" అన్నాను.

"కట్ట దాటలే గద."

"దాటలే."

లేచి, పై అరలోంచి ఒక మూట దించాడు. విప్పితే, మా పడకగది కిటికీకి సరిపోయే మూడు పొరల అస్తరు, కింద జానెడు మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంది. మూలకు సుద్దముక్కతో మా క్వార్టర్ నంబరు రాసి ఉంది. నేను వద్దన్న వారంలోనే కుట్టి పెట్టాడట. నాలుగు నెలల నుంచి అది నా కోసం ఆ అరలో ఉంది.

దుకాణం మూసి నాతో వచ్చాడు. రింగులు తీసేసి కొక్కేలు పెట్టాడు, రాడ్డు మార్చాడు, వెనక పట్టీకి అస్తరు తగిలించాడు. నన్ను మంచం మీద పడుకోబెట్టి, తలుపు మూసి, పరదా దగ్గరికి లాగాడు. గది ఒక్కసారిగా గనిలాగా అయింది. పొద్దున పదింటికి నాకు నా చెయ్యి కనబడలేదు. ఆయన కింద, గోడకు ఆనుకుని కూర్చున్న చప్పుడు వినబడింది. ముఖం కనబడకపోవడం వల్లే ఆయన ఆ రోజు చెప్పగలిగాడనుకుంటాను.

"నాకో తమ్ముడుండె. అండర్‌గ్రౌండ్‌ల పని. మాకు రెండు గదుల క్వార్టరు, ఎలుతురు ఒచ్చేది ఒక్క కిటికీ. నేను జాకెట్లు కుడ్తుంటి. కరెంటు ఉంటే ఉండె, లేకుంటే లేకపాయె. మిషన్ కిటికీ కాడ ఏసుకునేటోన్ని. వాడు నైట్ చేసొచ్చి నా ఎనుకనే పండుకునేటోడు. నాకు ఎలుతురు గావాలె, వానికి సీకటి గావాలె. కిటికీ ఒక్కటే."

చీకట్లో అంగుస్తానా గోడకు తాకిన చప్పుడైంది.

"మిషన్ చప్పుడు గూడ. పెండ్లిల్ల సీజన్. జల్ది ఇయ్యాలని ఒకటే కుట్టుడు. కిటికీ మూయాల్నారా తమ్మీ అంటే, నువు కుట్టుకో అన్నా, నాకు అలవాటే అనేటోడు. అలవాటే అన్నడు గదాని నేను కుట్టుకుంట పోయిన. ఒకనాడు రాత్రి షిఫ్టుల బొగ్గు టబ్బులు పోయే పట్టాల పక్కన జెరసేపు కూసున్నడంట. కూసున్నోడు ఒరిగిండు. టబ్బులు ఒచ్చే గంట కొట్టిండ్రంట. అందరికి ఇనొచ్చింది, వానికి ఇనరాలే."

నేను దిండు మీద ఆయన గొంతు వైపు తిరిగాను.

"ఆని పిల్ల అప్పటికి పాలు తాగుతుండె" అని లేచాడు. "పండుకో బావా. చెల్లెకు చెప్పకు. ఫికర్ పెట్టుకుంటది. నేనూ ఎవలికీ చెప్ప." పరదా కదలకుండా, తలుపు చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు. నేను సాయంత్రం ఆరు దాకా లేవలేదు. బ్లాస్టింగ్ ఎప్పుడైందో తెలియలేదు. తిరిగొచ్చిన మా ఆవిడ అడిగితే, ఎండకు ఓర్వలేక వేయించానని చెప్పాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఎండాకాలం మొదట్లో వచ్చేవాడు, పిలవకపోయినా. కిటికీ చెక్క మీద అంగుస్తానా రెండుసార్లు. ఉతికిన అస్తరుకు ఎక్కడన్నా సూదిబెజ్జం పడితే నల్లగుడ్డ ఊరుకోదు, వెలుగు పట్టిస్తుంది. ఆ బెజ్జాల కోసం నా మంచం మీద పడుకుని వెతికేవాడు. దొరికిన దాని చుట్టూ సుద్దతో గీసి, కూర్చుని రఫూ చేసేవాడు. మా ఆవిడకు అదొక వినోదం.

"ఆ మంచం మీద మా ఆయన కన్న నువ్వే ఎక్కువ పండుకుంటున్నవు అన్నా" అనేది.

ఆయన నవ్వేవాడు. చాయ్ తాగేవాడు. వెళ్లేటప్పుడు నన్ను ఒక్కటే అడిగేవాడు, "నిద్ర పడుతుందా బావా?" అని. పడుతోందనేవాణ్ణి. అంతకుమించి ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు.

ఇంత చేసిన మనిషిని నేను రిటైర్మెంట్ రోజు పిలవలేదు. మర్చిపోయానని మా ఆవిడకు చెప్పాను. అబద్ధం. ఆ రోజు శాలువా కప్పేటప్పుడు మైకులో చదువుతారని నాకు తెలుసు, ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క ప్రమాదం లేని ఆపరేటర్ అని. ఆ మాట చదివేటప్పుడు ఎదురుగా కుర్చీలో ఆయన ఉంటే నేను తల ఎత్తలేను. అందుకని పిలవలేదు. చదివారు. చప్పట్లు కొట్టారు. నేను తల ఎత్తుకునే శాలువా కప్పించుకున్నాను. ఆ శాలువా ఆయనది. ఆయన బతికుండగా ఆ మాట చెప్పడానికి నాకు నెలన్నర టైముండింది. ఇల్లు, సామాను, పెయింటు అనుకుంటూ ఆ నెలన్నరా గడిపేశాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మరునాడు గోదావరి దాటి గోదావరిఖని వెళ్లాను. ఆయన ఇల్లు ఎప్పుడూ చూడలేదు. తమ్ముడు పోయాక ఆ ఉద్యోగం మరదలికి వచ్చింది కాబట్టి వాళ్లు ఆ రెండు గదుల క్వార్టర్‌లోనే ఉన్నారు. మరదలు డ్యూటీకి పోయింది. పిల్ల ఒక్కతే ఉంది. ఇప్పుడు పిల్లేమీ కాదు, బడిలో పాఠాలు చెబుతోంది.

లోపలి గదిలో లైటు వేసింది. మిట్టమధ్యాహ్నం లైటు లేకపోతే అడుగు కనబడదు. గది మధ్యలో మిషన్, నాలుగు కాళ్ల కిందా చప్పుడు రాకుండా నాలుగు గోనెపట్టా మడతలు. మిషన్ నెత్తిన ట్యూబులైటు. గోడకు కిటికీ, కిటికీకి పరదా, కుచ్చిళ్లు బిగించి, గోడకు ఆనించి, రెండు పక్కలా మేకులు కొట్టి. వెనక్కి లాగడానికి తాడు కూడా లేదు.

"పెద్దబాపు ఈ లైటు కిందనే కుట్టెటోడు మామా, పగలు గూడ. కండ్లు పోతయ్, కిటికీ తెరువు అని నేను ఎన్నిసార్లు అన్ననో. ఇనకపాయె. దినాలు అయినంక గది కడుగుదామంటే అమ్మ గూడ పరదా ముట్టనిస్తలేదు. నాకైతే ఈ కిటికీ అవతల ఏముందో గూడ ఎర్కలేదు."

వాళ్ల నాన్న ఎట్లా పోయాడో ఆమెకు తెలుసు. మిషన్ సంగతి, కిటికీ సంగతి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పాల్సింది వాళ్లమ్మ.

వంగి పరదా అడుగు అంచు తిప్పి చూశాను, జానెడు కోసం. లేదు. వేలెడు మడత వేసి కుట్టేశాడు. ఊరందరి పరదాలకూ ఇంకో ఇంటికి సరిపోయే గుడ్డ దాచినవాడు, ఈ ఒక్కదానికి దాచలేదు. ఇది ఈ కిటికీకే. అక్కడే, ఆ మిషన్ పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆ పిల్ల కంగారుపడి నీళ్లు తెచ్చింది. ఆయన నాకు ఏమవుతాడని అడిగితే, బావ అని చెప్పాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ అంచులు దించిన పరదాలన్నీ తగిలించింది. పడకగది పరదాకు అస్తరు తగిలించడం మాత్రం నా కోసం ఆపింది. కుర్చీ మీద నిలబడి, దానికీ జానెడు దించిన అస్తరు చేతిలో పట్టుకుని, "ఏమంటవ్? తీసెయ్యల్నా, ఉంచాల్నా?" అంది.

"దిగు. ఇట్ల కూసో" అన్నాను.

చెప్పాను. మంచం కింద చాప వేసుకున్న రోజుల నుంచి మొదలుపెట్టి, కట్ట ఎక్కిన టైరు దాకా, అరలోంచి దించిన మూట దాకా, ఆయన తమ్ముడి దాకా, శాలువా దాకా. అయిపోయాక తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచి అస్తరును వెనక పట్టీకి ఒక్కో కొక్కెం తగిలించింది. పరదా దగ్గరికి లాగింది. తలుపు మూసింది.

చీకట్లో మంచం కిర్రుమంది. నేను పడుకునే వైపున, నా దిండు మీద తల పెట్టి పడుకుంది. కుడివైపు తిరిగింది. ఎడమవైపు తిరిగింది. చాలాసేపు వెతికింది.

"ఎక్కడ గూడ లేదు" అంది గుసగుసగా. "సూదిబెజ్జమంత వెలుగన్న రాదాయె, అన్నా."

ఆ మాట నాతో కాదు.